మేడ మీద తేనెపెట్టె: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఇంటి మేడ మీద తేనెటీగలను పెంచాలనుకునేవారు, ఇప్పటికే పెంచుతూ ఏదో ఒక చోట చిక్కుకున్నవారు, పక్కింట్లో పెట్టె చూసి కంగారు పడుతున్నవారు సాధారణంగా అడిగే ప్రశ్నలివి. ఇక్కడ చెప్పిన నెలలు, పూత కాలాలు హైదరాబాద్‌కు వర్తిస్తాయి. కోస్తా నగరాల్లో ఉన్నవారు తమ వీధిలోని చెట్లను చూసుకుని కాస్త అటూ ఇటూగా సర్దుకోవాలి.

ముందే ఒక మాట చెప్పాలి. కేవలం తేనె కోసమే అయితే పెట్టె పెట్టకండి. నమ్మకమైన చోట కొనుక్కోవడమే తేలిక, ఖర్చు కూడా తక్కువ. ఈగలను చూస్తూ కూర్చోవడం, వీధిలో ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో గమనించడం మీకు ఇష్టమైతే పెట్టండి. తేనె దానంతట అదే వస్తుంది, కాస్త ఆలస్యంగా.

ఇంత కాంక్రీటు మధ్య ఈగలకు తిండి దొరుకుతుందా?

చాలామంది అనుకునేదానికన్నా ఎక్కువే దొరుకుతుంది. మేడ మీద పెంచడానికి పనికొచ్చే మన నేల ఈగ, పుట్ట తేనెటీగ, పెట్టె నుంచి కిలోమీటరు, కిలోమీటరున్నర దూరం తిరిగి మేత తెచ్చుకుంటుంది. ఆ పరిధిలో ఏయే చెట్లున్నాయో మీరే ఒకసారి నడిచి చూడండి. హైదరాబాద్ రోడ్ల పక్కన విరివిగా నాటిన కానుగ మార్చి నుంచి మే దాకా పూస్తుంది. మన నగర తేనెకు మూలాధారం అదే అని నా అభిప్రాయం. దాని వెంటే వేప, నేరేడు, ఆ తర్వాత చింత. వానలు తగ్గాక రేగు, చలి మొదలయ్యే వేళకు కుంకుడు, నీలగిరి. మునగ, కొబ్బరి ఏడాది పొడవునా ఎంతో కొంత అందిస్తాయి.

పాత కాలనీలు, విశ్వవిద్యాలయాల ప్రాంగణాలు, కంటోన్మెంటు ప్రాంతం, పార్కుల చుట్టుపక్కల ఇళ్లు ఈ పనికి బాగా పనికొస్తాయి. కొత్తగా లేచిన బహుళ అంతస్తుల సముదాయాల్లో పచ్చిక, అలంకారపు మొక్కలు తప్ప పూత ఇచ్చే చెట్లు తక్కువగా ఉంటాయి. అలాంటి చోట పెట్టె పెట్టి ఏడాది పొడవునా చక్కెర నీళ్లు పోయడం ఈగలకూ మేలు కాదు, మీకూ సంతోషం కాదు.

మిఠాయి దుకాణం, చెరకు రసం బండి వంద గజాల్లో ఉంటే మాత్రం ఆలోచించండి. పూత తక్కువైన రోజుల్లో ఈగలు అక్కడికే పోతాయి. రసం గ్లాసుల్లో పడి చస్తాయి, తెచ్చినదీ తేనె కాదు.

ఏ తేనెటీగను పెంచాలి?

మన చుట్టూ తేనె కూడబెట్టేవి ఐదు రకాలున్నాయి. పెద్ద భవనాల గోడలకు, నీళ్ల ట్యాంకుల కింద ఒకే ఒక పెద్ద తుట్టె వేలాడదీసేది కొండ తేనెటీగ. పొదల్లో, కొమ్మలకు అరచేయంత తుట్టె కట్టేది చిన్న తేనెటీగ. ఈ రెండూ వెలుతురులో బతికేవి. పెట్టెలో పెడితే నిలవవు.

చీకటి తొర్రల్లో, పుట్టల్లో, పాత గోడల సందుల్లో వరుసగా అనేక తుట్టెలు కట్టేది పుట్ట తేనెటీగ. మేడ మీదికి నేను సిఫారసు చేసేది దీన్నే. ఇది ఈ నేలదే. మన ఎండలకు, మన చెట్ల పూతకు అలవాటు పడింది. నాలుగోది విదేశం నుంచి తెచ్చిన ఇటాలియన్ తేనెటీగ. ఈ ఈగలను భారతదేశంలో విజయవంతంగా స్థిరపరచింది 1962లో, హిమాచల్‌లోని నగరోటాలో. వాటి దిగుబడి చాలా ఎక్కువ. కానీ పొద్దుతిరుగుడు, ఆవాల పొలాల వెంట పెట్టెలను లారీల్లో తిప్పే వ్యాపారికి సరిపోయే ఈగ అది. ఒకే చోట కదలకుండా ఉండే మేడ మీది పెట్టెలో దాని ఆకలి తీర్చడం కష్టం.

ఐదోది కొండి లేని తేనెటీగ. దోమ కన్నా కాస్త పెద్దగా, నల్లగా ఉంటుంది. కుట్టదు. చిన్న చెక్క పెట్టెలో బాల్కనీలో కూడా పెట్టుకోవచ్చు. ఏడాదికి పావుకిలో, అరకిలోకు మించి తేనె ఆశించకూడదు. చిన్న పిల్లలున్న ఇంట్లో, కుట్టడం అంటే బాగా భయపడేవారు దీనితో మొదలుపెట్టడం మంచిది.

మా అపార్టుమెంటు గోడకు పెద్ద తేనెపట్టు పట్టింది. దాన్నే పెట్టెలోకి మార్చుకోవచ్చా?

కుదరదు. అది కొండ తేనెటీగ. దాన్ని కదిపితే వందలాదిగా వెంటపడి కుడుతుంది. కాబట్టి దాని జోలికి వెళ్లకండి.

అయితే మీ సంఘం సమావేశంలో ఒక మాట గట్టిగా చెప్పండి. ఆ గుంపు వలస గుంపు. పూత కాలం అయిపోగానే కొన్ని నెలల్లో తనంతట తానే వెళ్లిపోతుంది. కిటికీకి, మెట్లకు దూరంగా ఉంటే అలాగే వదిలేయండి. కింద పొగ పెట్టకండి, రాళ్లు రువ్వనివ్వకండి, దగ్గర్లో టపాకాయలు కాల్చకండి. రాత్రివేళ కాగడాతో కాల్చడం, పురుగుమందు కొట్టించడం ఈ నగరంలో మామూలు విషయాలైపోయాయి. మందు కొట్టిన పట్టు నుంచి పిండిన తేనెను కూడా అమ్ముతారు. మనుషులు నిత్యం తిరిగే చోటే పట్టు కడితే, చంపకుండా తప్పించడం తెలిసినవారిని పిలవండి. పిలిచే ముందు మందు వాడతారా అని అడగండి. వాడతామంటే వద్దనండి.

రాత్రి బాల్కనీలో దీపం చుట్టూ ఈగలు మూగుతున్నాయి. ఇవి పక్కింటి పెట్టెలోవేనా?

చాలావరకు కావు. వెన్నెల రాత్రుల్లో కూడా మేతకు వెళ్లేది కొండ తేనెటీగ. అదే దీపాల దగ్గరికి వస్తుంది. గంటసేపు దీపం ఆర్పేస్తే, లేదా తెల్లని దీపం బదులు పసుపుపచ్చని దీపం పెడితే తగ్గుతుంది. పెట్టెలో పెంచే ఈగలు పొద్దు గుంకాక లోపలే ఉంటాయి. కానీ పెట్టె గుమ్మం మీద నేరుగా దీపం పడితే కొన్ని బయటికి వచ్చి నేల మీద పాకుతుంటాయి. అందుకే మెట్ల దగ్గరి దీపానికి దూరంగా పెట్టె పెట్టాలి.

ఇరుగుపొరుగు ఒప్పుకుంటారా?

ముందుగా అడిగితే ఒప్పుకుంటారు. తర్వాత తెలిస్తే ఒప్పుకోరు. అపార్టుమెంటు అయితే సంఘం అనుమతి కాగితం మీద తీసుకోండి. సొంత ఇల్లయినా రెండు పక్కలా, ఎదురింటికీ వెళ్లి చెప్పండి. ఎవరికైనా తేనెటీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు రావడం, ఊపిరాడకపోవడం ఉందేమో కనుక్కోండి. ఉంటే అక్కడ పెట్టె పెట్టకండి. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

వచ్చే ఫిర్యాదులు దాదాపు రెండే. ఒకటి, నీళ్లు. మీరు మీ మేడ మీద నీటి పాత్ర పెట్టకపోతే ఈగలు పక్కింటి కుళాయి దగ్గర చేరతాయి. వెడల్పాటి మట్టి మూకుడులో గులకరాళ్లు వేసి నీళ్లు పోసి, పెట్టె వచ్చిన మొదటి రోజు నుంచే ఉంచండి. అవి ఒక చోటికి అలవాటు పడ్డాక మాన్పించడం కష్టం. రెండోది, ఆరేసిన బట్టల మీద, కార్ల మీద పసుపు చుక్కలు. అవి ఈగల రెట్టలు. గుమ్మం ఎటు తిరిగి ఉందో ఆ వైపు ఎక్కువ పడతాయి కాబట్టి బట్టలారేసే వైపు గుమ్మం పెట్టకండి.

మేడ మీద పెట్టెను ఎక్కడ, ఎలా నిలబెట్టాలి?

గుమ్మం తూర్పుకో ఆగ్నేయానికో ఉండాలి. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నపు ఎండ తగలకూడదు. గుమ్మానికి నాలుగైదు అడుగుల ముందు ఆరేడు అడుగుల ఎత్తున నీడవల కట్టండి. ఈగలు దాని మీదుగా లేచి పైకి వెళ్తాయి. మనుషుల తలల ఎత్తులో ఎగరవు. అడుగున్నర ఎత్తు స్టాండు, చీమలు ఎక్కకుండా దాని నాలుగు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు తప్పనిసరి. పైన ఇటుక పెట్టి, తాడుతో స్టాండుకు కట్టేయండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వచ్చే గాలివాన కట్టని పెట్టెను పడగొట్టేస్తుంది.

పెట్టెలో ఏమేముంటాయి?

కింద అడుగు పలక, దాని మీద రాణి గుడ్లు పెట్టి పిల్లలు పెరిగే పిల్ల గది, ఆపైన తేనె గది, మూత. గదుల్లో వేలాడే చెక్క చట్రాలలో ఈగలు తుట్టెలు కడతాయి. దక్షిణాదిన పుట్ట తేనెటీగకు ఎక్కువగా వాడేది న్యూటన్ పెట్టె. గత శతాబ్దపు తొలి దశకాల్లో తిరుచిరాపల్లిలో పనిచేసిన ఫాదర్ న్యూటన్ మన ఈగ పరిమాణానికి తగ్గట్టు దాన్ని రూపొందించారు.

కొనేటప్పుడు చూడవలసింది రంగు, మెరుపు కాదు. చట్రానికీ చట్రానికీ మధ్య, చట్రానికీ గోడకూ మధ్య ఈగ నడిచే సందు సమంగా ఉందా అని చూడాలి. పుట్ట తేనెటీగకు 7 నుంచి 9 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకన్నా ఎక్కువైతే ఆ ఖాళీలో అడ్డదిడ్డంగా తుట్టె కట్టేస్తాయి. తక్కువైతే నడవలేవు. ఇటాలియన్ ఈగ పెట్టెలో పుట్ట తేనెటీగను పెట్టి బాధపడే కొత్తవారు చాలామంది ఉన్నారు.

ఈగల గుంపు ఎక్కడ దొరుకుతుంది? శిక్షణ ఎక్కడ?

ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2017లో తేనె మిషన్ మొదలుపెట్టింది. పెట్టెలు, గుంపులు, శిక్షణ దాని కింద ఇస్తారు. ఆ కమిషన్‌కే చెందిన కేంద్ర తేనెటీగల పరిశోధన, శిక్షణ సంస్థ 1962 నుంచి పుణెలో ఉంది. హైదరాబాద్‌లో అయితే రాజేంద్రనగర్ వైపు వెళ్లి అడగండి. జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండూ అక్కడే ఉన్నాయి. శిక్షణ తరగతులు ఎప్పుడున్నాయో కనుక్కుని వెళ్లండి.

పాత ఇళ్లు పడగొట్టేటప్పుడు, మీటరు పెట్టెల్లో, వాడని గొట్టాల్లో పుట్ట తేనెటీగలు తరచుగా బయటపడతాయి. అనుభవమున్నవారు తోడుంటే వాటిని పెట్టెలోకి మార్చవచ్చు. పొగ వేసి, తుట్టెలను ఒక్కొక్కటిగా కోసి, పిల్లలున్న తుట్టెను చట్రంలో ఇమిడేలా అమర్చి, తడిపిన అరటి నారతో కడతారు. తుట్టె పైభాగం పైకే ఉండాలి. రెండు మూడు రోజుల్లో ఈగలే మైనంతో అతుకు వేసుకుని, ఆ నారను కొరికి తుంచి గుమ్మం బయట పడేస్తాయి. నార పోగులు పెట్టె ముందు కనిపించాయంటే గుంపు నిలదొక్కుకుందని అర్థం. అన్నాళ్లూ రాణి దాటలేని సన్నని సందుల పలకను గుమ్మానికి బిగించి ఉంచాలి.

ఒకటి కాదు, రెండు పెట్టెలతో మొదలుపెట్టండి. ఒకదాన్ని చూస్తే రెండోదానిలో లోటు తెలుస్తుంది. ఒక గుంపులో రాణి చస్తే రెండో పెట్టెలోంచి గుడ్లున్న చట్రం తెచ్చి పెట్టి కాపాడుకోవచ్చు.

ఎన్నాళ్లకోసారి తెరిచి చూడాలి? ఏం చూడాలి?

పూత కాలంలో ఎనిమిది పది రోజులకోసారి. వానాకాలంలో ఇంకా అరుదుగా. రోజూ తెరిచేవారి పెట్టెలో ఈగలు నిలవవు. రోజూ చూడాలనిపిస్తే గుమ్మం పక్కన కూర్చోండి. పుప్పొడి ముద్దలు కాళ్లకు తగిలించుకుని వస్తున్నాయంటే లోపల పిల్లలు పెరుగుతున్నాయి. వేసవి మధ్యాహ్నాల్లో గుమ్మం దగ్గర కొన్ని ఈగలు కదలకుండా నిలబడి రెక్కలు ఆడిస్తుంటాయి. పుట్ట తేనెటీగ అయితే తల బయటికి, తోక లోపలికి పెట్టి నిలబడుతుంది. ఇటాలియన్ ఈగ దీనికి సరిగ్గా ఎదురుగా, తల గుమ్మం వైపు పెడుతుంది. ఏ ఈగ పెట్టెలో ఉందో తెలియనివారికి ఇదొక్కటి చాలు.

తెరిచినప్పుడు రాణి కోసం వెతకనక్కర్లేదు. గుడ్ల కోసం చూడండి. చట్రాన్ని భుజం మీదుగా ఎండ పడేలా పట్టుకుని, తుట్టెలోని చిన్న చిన్న గదుల అడుగున చూస్తే సన్నని తెల్లని దారం ముక్కలా గుడ్డు కనిపిస్తుంది. పెట్టిన రోజు నిటారుగా నిలబడి ఉంటుంది. మర్నాడు వాలుతుంది. మూడో రోజుకు పడుకుని, ఆపై పిల్లపురుగు అవుతుంది. నిలబడిన గుడ్డు కనిపించిందంటే రాణి ఆ పూటో క్రితం రోజో అక్కడ తిరిగిందన్నమాట. ఒక గదికి ఒకే గుడ్డు ఉండాలి. రెండు మూడు గుడ్లు గోడలకు అంటుకుని ఉంటే రాణి లేదు, కూలి ఈగలే గుడ్లు పెడుతున్నాయి. ఆ గుడ్ల నుంచి పోతుటీగలు, అంటే మగ ఈగలు, తప్ప ఏమీ పుట్టవు.

తుట్టె కింది అంచున వేలాడే వేరుశనగకాయంత గదులు రాణి గదులు. మాఘ, ఫాల్గుణ మాసాల్లో అవి వరుసగా కనిపిస్తే గుంపు చీలబోతోందని గుర్తు. ఖాళీ చట్రాలిచ్చి చోటు పెంచండి, లేదా మీరే గుంపును రెండుగా విభజించండి.

కుడితే ఏం చేయాలి?

ముల్లును వీలైనంత త్వరగా తీసేయాలి. గోటితో గీరి తీస్తారా, వేళ్లతో లాగుతారా అన్నదానికన్నా ఎంత తొందరగా తీశారన్నదే ముఖ్యం. విడిపోయాక కూడా విషపు తిత్తి పంపు చేస్తూనే ఉంటుంది. తర్వాత ఆ చోట పొగ తగిలించండి. కుట్టినప్పుడు మగ్గిన అరటిపండు లాంటి వాసన వస్తుంది. అది మిగతా ఈగలను పిలిచే వాసన. అందుకే తేనెపెట్టె దగ్గరికి వెళ్లేముందు అరటిపండు తినకండి.

వాపు, దురద రెండు రోజులు ఉంటాయి. మంచు ముక్క చాలు. కుట్టిన చోట కాకుండా ఒళ్లంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరాడకపోవడం, కళ్లు తిరగడం కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా 108కు ఫోను చేయండి. అలాంటివారు ఇకపై ఈగలు పెంచకూడదు.

గుంపు మొత్తం పెట్టె ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఎందుకు?

పుట్ట తేనెటీగను పెంచే ప్రతి ఒక్కరూ ఏదో ఒకనాడు అడిగే ప్రశ్న ఇది. ఇల్లు నచ్చకపోతే విడిచి వెళ్లడం దాని స్వభావం. కారణాలు ఈ వరుసలో చూడండి: తిండి లేకపోవడం, చీమలు, మైనపు పురుగు, ఎండ వేడి, పదే పదే తెరవడం, తేనె మొత్తం తీసేయడం. హైదరాబాద్‌లో వెళ్లిపోయే గుంపుల్లో ఎక్కువ భాగం జులై, సెప్టెంబరు మధ్య ఆకలితోనే పోతాయని గమనించాను.

వెళ్లే ముందు సూచనలిస్తాయి. పుప్పొడి రాక ఆగిపోతుంది. గుడ్లు కనిపించవు. దాచిన తేనె తరుగుతుంది. ఉన్న పిల్లలు బయటికి వచ్చేదాకా ఆగి, ఒక ఎండ పూట అందరూ ఒక్కసారిగా లేస్తారు. గుడ్లు ఆగాయని గమనించిన రోజే చక్కెర పాకం పెట్టి, మరో పెట్టెలోంచి పిల్లలున్న చట్రం ఒకటి ఇస్తే చాలాసార్లు ఆగుతాయి. పిల్లలను వదిలి వెళ్లడానికి వెనుకాడతాయి.

ఎండాకాలం 42 డిగ్రీలు దాటితే?

పిల్ల గదిలో 33 నుంచి 36 డిగ్రీల వేడి ఉండేలా ఈగలే చూసుకుంటాయి. నీళ్లు తెచ్చి తుట్టెల మీద పలచగా పూసి, రెక్కలతో విసురుతాయి. మనం చేయవలసింది నీడ, నీళ్లు. పెట్టె మీద తడి గోనెసంచి కప్పండి, కింద సిమెంటు నేల కాలకుండా కొబ్బరి పీచు పరవండి. రేకుల షెడ్డు కింద మాత్రం ఉంచవద్దు. తుట్టెలు మెత్తబడి తెగి పడిపోతాయి.

చక్కెర పాకం పెడితే తేనె కల్తీ అవుతుంది కదా?

పూత కాలంలో పెడితే అది కల్తీయే. అలా చేసి తేనె అని అమ్మేవారు ఉన్నారు, అది మోసం. కరువు కాలంలో, అంటే వానలు ముసురుకున్న నెలల్లో, పైన తేనె గది లేనప్పుడు పెడితే ఈగలు దాన్ని తమ కడుపుకే వాడుకుంటాయి. చక్కెర, నీళ్లు సమ తూకంలో కలిపి, చల్లార్చి, చిన్న గిన్నెలో పుల్లలు వేసి, పొద్దుగూకాక పెట్టె లోపల ఉంచాలి. పగలు పెడితే, బయట ఒలికితే పక్క గుంపులు దోపిడీకి వస్తాయి. బెల్లం వద్దు, అరగదు. బజారు తేనె అసలే వద్దు, దాని వెంట జబ్బులు రావచ్చు. తేనె గది పెట్టడానికి ముందే పాకం పూర్తిగా ఆపేయాలి.

చీమలు, పురుగులు, జబ్బులు?

చీమలకు నీళ్ల గిన్నెలు. ఎండిపోయాయో లేదో రోజూ చూడాలి. మైనపు పురుగు బలహీనమైన గుంపులోనే తుట్టెల్లో గూడు అల్లుతుంది. ఈగలు కమ్మని తుట్టెలను తీసేసి, అడుగు పలకను వారానికోసారి తుడిస్తే చాలు. కందిరీగలు వస్తే గుమ్మం సందు తగ్గించండి. గుమ్మం మీద కాపలా ఈగలు కందిరీగను చూసి ఒక్కసారిగా పొట్టలు పైకెత్తి అలలాగా కదలడం మీకు కనబడవచ్చు. పుట్ట తేనెటీగ ఆత్మరక్షణ అది.

నిజంగా భయపడవలసింది సంచి పిల్ల వ్యాధికి. ఇది వైరస్. పిల్లపురుగు సంచిలా ఉబ్బి, తల పైకెత్తి చస్తుంది. 1991–92లో దక్షిణాదికి వచ్చి కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లో పుట్ట తేనెటీగల పెంపకాన్ని దాదాపు తుడిచిపెట్టింది. మందు లేదు. ఆ పెట్టె చట్రాలను వేరే పెట్టెలో పెట్టకండి, చేతులు, కత్తి కడుక్కోకుండా మరో గుంపును ముట్టకండి. రాణిని కొన్నాళ్లు వేరుచేసి పిల్లల పెంపకం ఆపితే బలమైన గుంపులు కోలుకుంటాయి.

దోమల పొగ బండి వస్తే?

నగరంలో పెంచేవారికి ఉన్న అసలు ప్రమాదం ఇదే. బండి సాధారణంగా సాయంత్రం వస్తుంది. చీకటి పడి ఈగలన్నీ లోపలికి చేరాక గుమ్మానికి ఇనుప జాలి బిగించి, పెట్టె మీద తడి గుడ్డ కప్పండి. గంట తర్వాత తీసేయండి. మీ వార్డులో ఏ రోజు వస్తారో అడిగి తెలుసుకోండి. మీ మేడ మీద, పక్క మేడల మీద కూరగాయల మొక్కలకు పూత మీద మందు కొట్టవద్దని అడగండి.

తేనె ఎప్పుడు తీయాలి?

మొదటి ఏడాది తీయకండి. ఆ ఏడాది తేనె ఈగలదే. ఇది చాలామందికి నచ్చదు కానీ, మొదటి వానాకాలం దాటిన గుంపులే రెండో వేసవిలో పెట్టె నింపుతాయి.

ఆ తర్వాత ఏప్రిల్, మే నెలల్లో తేనె గదిలోని తుట్టెలో కనీసం ముప్పావు వంతు గదులకు మైనం మూత పడ్డాక తీయాలి. మూత పడిందంటే నీరు ఇగిరి తేనె పండిందని ఈగలే తేల్చినట్టు. అనుమానముంటే చట్రాన్ని అడ్డంగా పట్టుకుని ఒక్కసారి విదిలించండి. చుక్కలు రాలితే ఇంకా పచ్చిదే. పచ్చి తేనె పులుస్తుంది. దేశ ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం మించకూడదు.

తీసే పద్ధతి చెప్పండి.

ఎండ బాగా కాసే పొద్దుటి పూట, మేత ఈగలు బయటికి వెళ్లాక మొదలుపెట్టండి. ఎండుటాకులు, కొబ్బరి పీచు వేసి పొగ డబ్బా రాజేసి, గుమ్మం దగ్గర రెండు మూడు సార్లు మెల్లగా ఊదండి. పొగ చల్లగా ఉండాలి, చేతికి వేడి తగలకూడదు. తేనె గదిలోని చట్రాలను ఒక్కొక్కటిగా పైకి తీసి, మెత్తని కుంచెతో ఈగలను పెట్టెలోకే దులిపి, మూత ఉన్న డబ్బాలో పెట్టుకుని గదిలోకి తీసుకెళ్లి తలుపు వేయండి. తలుపు తెరిచి ఉంటే పావుగంటలో వీధిలోని ఈగలన్నీ మీ వంటింట్లో ఉంటాయి.

పొడవాటి కత్తిని వేడినీళ్లలో ముంచి, తుడిచి, తుట్టె మీది మైనం పొరను కింది నుంచి పైకి పలచగా కోయాలి. పొర ముడుచుకుంటూ విడిపోతుంటే దాని కింద తేనె గదులు తడిగా మెరుస్తాయి. కానుగ పూత నాటి గది వాసన వేరు, వేప నాటి వాసన వేరు. చట్రాలను చేతితో తిప్పే యంత్రంలో పెట్టి మొదట నెమ్మదిగా తిప్పండి. సగం తేనె వచ్చాక చట్రాన్ని రెండో వైపుకు మార్చి, మళ్లీ మొదటి వైపుకు రండి. తొందరపడి తిప్పితే తుట్టె విరిగిపోతుంది. ఆ తుట్టె కట్టడానికి ఈగలకు ఎంతో తేనె ఖర్చవుతుంది. ఖాళీ తుట్టెలను సాయంత్రం తిరిగి పెట్టెలో పెట్టేయండి.

తేనెను పలచటి తెల్ల గుడ్డలో వడకట్టి, మూత పెట్టి రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే నురగ, మైనం ముక్కలు పైకి తేలతాయి. తీసేసి, తడి లేని గాజు సీసాల్లో పోసుకోవాలి. వేడి చేయవద్దు. పిల్ల గదిలోని తేనెను ఎప్పుడూ ముట్టుకోకూడదు. తుట్టెను చేత్తో పిండే పద్ధతిలో పిల్లలు, పుప్పొడి కలిసిపోతాయి. పెట్టె ఉన్నవారికి ఆ అవసరమే లేదు.

ఎంత వస్తుంది?

పుట్ట తేనెటీగ పెట్టెకు ఏడాదికి 3 నుంచి 5 కిలోలు వస్తే బాగా వచ్చినట్టు. చెట్లు దట్టంగా ఉన్న చోట, మంచి ఏడాదిలో 8 కిలోలు దాటవచ్చు.

తేనె గడ్డకట్టింది. పాడైందా?

లేదు. తేనెలోని గ్లూకోజు పలుకులు కట్టడమే అది. 14 డిగ్రీల దగ్గర త్వరగా కడుతుంది కాబట్టి చలికాలంలో ఎక్కువ. ఫ్రిజ్‌లో పెట్టకండి. సీసాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే కరుగుతుంది.

నీళ్లలో వేసి, అగ్గిపుల్లకు అంటించి స్వచ్ఛత తేల్చవచ్చా?

తేల్చలేరు. చిక్కటి చక్కెర పాకం కూడా ఈ పరీక్షల్లో నెగ్గుతుంది. 2020 డిసెంబరులో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 13 బ్రాండ్ల బజారు తేనెలను పరీక్షింపజేసింది. కల్తీని పసిగట్టే ఎన్‌ఎంఆర్ అనే ప్రయోగశాల పరీక్షతో సహా అన్నీ నెగ్గినవి మూడే. ప్రయోగశాల పరీక్షలనే దాటేలా పాకాలు తయారవుతుంటే వంటింటి చిట్కాలు ఏం తేల్చగలవు? తీసినవారెవరో, ఎక్కడ తీశారో తెలుసుకోవడమే మనకున్న దారి.

పసిబిడ్డ నాలుకకు తేనె రాయవచ్చా?

వద్దు. ఏడాది నిండని బిడ్డకు తేనె ఏ రూపంలోనూ ఇవ్వకూడదు. మీరు తీసిన స్వచ్ఛమైన తేనె అయినా సరే. తేనెలో బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు కలిగించే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. పెద్దల పేగులు వాటిని అడ్డుకుంటాయి, పసిబిడ్డ పేగులు అడ్డుకోలేవు. పుట్టిన బిడ్డకు తేనె నాకించే ఆచారం మన ఇళ్లలో ఉంది. పెద్దవాళ్లకు నచ్చజెప్పి మాన్పించండి. మీరు తేనె పంచే ప్రతి సీసా మీద ఈ మాట రాసి అంటించండి.

మేడ మీద ఏ మొక్కలు పెంచాలి?

మేడ తోటతో ఒక గుంపు కడుపు నిండదు. అయినా కరువు నెలల్లో ఆసరాగా ఉంటుంది. తులసి, వావిలి, సబ్జా పూతను ఈగలు వదలవు. కొత్తిమీరను పూతకు వదిలేయండి. గుమ్మం పక్క తీగ అల్లించాలంటే గులాబిరంగు గుత్తులు పూసే యాంటిగొనాన్ వేయండి, వానాకాలంలోనూ పూస్తుంది. వీధిలో నాటే అవకాశముంటే కుంకుడు నాటించండి. ఎవరూ అడగని చెట్టు అది. మిగతా చెట్లు పూయని రోజుల్లో తేనె ఇస్తుంది.

అమ్మవచ్చా?

అమ్మవచ్చు. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వద్ద నమోదు చేయించుకుని, సీసా మీద తీసిన నెల, బరువు రాయాలి. రెండు పెట్టెల తేనె ఇంటికి, ఇరుగుపొరుగుకు సరిపోతుంది. మొదటి సీసా పక్కింటివారికి ఇవ్వండి.

పది రోజులు ఊరికి వెళ్లాలంటే?

పూత కాలంలో ఈగల తిండికి దిగులు లేకుండా వెళ్లవచ్చు. వేసవిలో అయితే నీళ్ల మూకుడు, చీమల గిన్నెలు నింపే మనిషిని కుదుర్చుకుని వెళ్లండి. ఆ మనిషికి మూడు మాటలు చెప్పండి: పెట్టె వెనక నుంచి వెళ్లాలి, గుమ్మానికి అడ్డంగా నిలబడకూడదు, మూత తెరవకూడదు. వానాకాలంలో వెళ్లే ముందు రోజు రాత్రి పాకం పెట్టి, తాడు బిగుతు చూసుకోండి.